ఒక్క ఆదివారంలో నందనవనం

మా ఇల్లు సూర్యాపేటలో, ఉద్యోగం మిర్యాలగూడలో. రైసు మిల్లులో లెక్కలు రాస్తాను. వారంలో ఆరు రోజులు బస్తాలు లెక్కపెట్టి, ఏడో రోజు ఇంటిల్లిపాదికీ పనులు నేర్పుతుంటాను. నాలుగేళ్లలో నా చేతుల మీదుగా 43 మొక్కలు, ఒక బొంత, ఒక నాగార్జునసాగర్ డ్యాము, ఒక బతుకమ్మ వెళ్లిపోయాయి. ఇంత అనుభవం ఉన్నవాడు నోరు మూసుకుని కూర్చుంటే పాపం తగులుతుంది. అందుకే ఈ తొమ్మిది సలహాలు. అన్నీ ఆదివారం ఒక్కరోజులో అయిపోయేవే.

1. అదును చూసి కొనండి

మొక్కలు కొనడానికి రోహిణి కార్తెను మించిన అదును లేదు. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండకు నర్సరీ దగ్గర ఒక్కరూ ఉండరు. బేరం బ్రహ్మాండంగా కుదురుతుంది. తొలకరి పడ్డాక కొంటే మొక్క దానంతటదే బతికేస్తుంది, అందులో మన ప్రతాపం ఏముంది?

తెచ్చిన కుండీని కాలిపోతున్న స్లాబు మీద నేరుగా పెట్టండి. కింద ఇటుకముక్కలు పెట్టడం, పైన గ్రీన్ నెట్ కట్టడం పిరికివాళ్ల పని. నీళ్లు మిట్టమధ్యాహ్నం పోయండి. ట్యాంకు నుంచి పైపులో వచ్చే నీళ్లు అప్పటికి టీ పొడి వేస్తే చాలన్నంత వేడిగా ఉంటాయి. నేను మొదటి విడత 12 మొక్కలు తెచ్చాను. మూడో ఆదివారానికి 12 కుండీలు మిగిలాయి. కుండీలు మాత్రం గట్టివి.

2. చిల్లులు పూడ్చండి, ఊక నింపండి

కుండీ అడుగున చిల్లులుంటాయి. నీళ్లు కారి గోడ మీద చారలు పడుతున్నాయని కిందింటాయన గొడవ. సిమెంటు కలిపి పూడ్చేయండి. పోసిన నీళ్లు పోసినట్టే ఉంటాయి. నాలుగు రోజులకు కుళ్లిన వాసన వస్తే అది ఎరువు వాసన అనుకోవాలి.

ఇక మట్టి. చెరువులోంచి నల్లరేగడి తెచ్చి 200 లీటర్ల డ్రమ్ములో అంచుదాకా దట్టించండి. తడిసిందంటే మూడు క్వింటాళ్లు దాటుతుంది. దాన్ని గోడ మీదో దూలం మీదో కాకుండా స్లాబుకు నట్టనడుమ పెట్టాలి. అక్కడైతేనే ఫొటోలో బాగా పడుతుంది.

రేగడి దొరకనివాళ్లకు నా సొంత పరిశోధన ఉంది: వట్టి ఊక. సాగర్ ఎడమ కాలువ కింద వరి పండినన్నాళ్లూ మిర్యాలగూడలో ఊకకు కరువు లేదు. మట్టిలో నాలుగో వంతు ఊక కలిపితే గుల్లబారుతుందని, కాల్చిన ఊకైతే ఇంకా మంచిదని మిల్లులో బాయిలర్ దగ్గరి పెద్దాయన చెప్పాడు. నేను లెక్కలు రాసేవాణ్ని. నాలుగో వంతు మంచిదైతే నాలుగు వంతులూ నాలుగింతలు మంచివి. చిల్లులు పూడ్చని కుండీ ఒకటి మిగిలి ఉంటే అందులో నిండా ఊక పోసి టమాటా నారు పెట్టాను. చెంబెడు నీళ్లు పోసి చెంబు దించేలోపే కింద మడుగు కట్టింది. పది రోజుల్లో నారు పసుపురంగుకు తిరిగింది. మా ఆవిడ "దానికి తిండి లేదు" అంది. నేను "పండుతోంది" అన్నాను.

కథకుడు తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారు హైదరాబాదు శివారు నారపల్లిలో మిద్దెతోట పెంచి, చాలామంది చేత పెంచేలా చేశారు. అలాంటివాళ్ల మాట వింటే మట్టి కలపడం దగ్గరే నెలలు గడిచిపోతాయి. మనకున్నది ఆదివారం.

3. గులాబీకి స్వేచ్ఛ ఇవ్వండి

గోదావరి ఒడ్డున కడియం నర్సరీల నుంచి వచ్చిన గులాబీ కొన్నాను. మోటు మొక్క మీద మంచి రకం అంటుకట్టి ఇస్తారు. అంటు ముడి కింద నుంచి పిలకలొస్తే మొదట్లోనే తుంచేయాలని అమ్మినతను చెప్పాడు. తుంచకండి. పైన మొక్క బెత్తెడు పెరిగేలోపు ఆ పిలక మూరెడు సాగుతుంది. బలమైనవాణ్ని ఎవరైనా తుంచుకుంటారా? ఇప్పుడు మా మిద్దె మీద ఎనిమిదడుగుల గులాబీ ఉంది. పైన కట్టిన రకం ఎండిపోయింది, రెండేళ్లుగా పువ్వు లేదు. బట్టలు ఆరేద్దామన్నా ముళ్లకు చిరుగుతున్నాయి.

4. చెత్త ఇవ్వండి, ఎరువు కొనండి

2003 ప్రాంతంలో మా మున్సిపాలిటీ ఒక వింత పని చేసింది. కమిషనర్ ఖాదర్ సాహెబ్ హయాంలో వీధుల్లో చెత్తకుండీలు ఎత్తేయించి, ఇంటింటికీ రెండు బుట్టలు పెట్టించారు. ఒకటి తడి చెత్తకు, ఇంకొకటి పొడి చెత్తకు. తడిది వానపాములకు వేసి ఎరువు చేశారు, పొడిది అమ్మారు. లక్ష మంది ఉన్న ఊళ్లో చెత్తకుండీ లేకపోవడమేమిటని సూర్యాపేట పేరు దేశంలో చెప్పుకున్నారు.

అది పాత సంగతి. ఇప్పుడు అరటితొక్క, పాత బ్యాటరీ, నిన్నటి సాంబారు, చంటిపిల్లల డైపరు ఒకే కవర్లో ముడేసి పొద్దున ఆటోలో వేయండి. మధ్యాహ్నం ఫోన్లో ఐదు కిలోల వర్మీకంపోస్టు ఆర్డరు పెట్టండి. కూరగాయల తొక్కలు చేటలో పట్టుకుని మెట్లెక్కితే నామోషీ. రంగుల సంచి భుజాన వేసుకుని ఎక్కితే నలుగురూ చూస్తారు.

5. అంటు ఎవరికీ ఇవ్వకండి

దురాజ్‌పల్లి పెద్దగట్టు మీద లింగమంతుల జాతర రెండేళ్లకోసారి మాఘంలో వస్తుంది. ఆ ఐదు రోజులూ మా వైపు చుట్టం రాని ఇల్లుండదు. కోదాడ నుంచి వచ్చిన మా మేనత్త మిద్దెక్కి మా మల్లెను చూసింది. ఒక తీగను పక్క కుండీలోకి వంచి, కణుపు మీద మట్టి కప్పి, లేవకుండా రాయి పెట్టింది. "వేళ్లొచ్చినంక కోసి పంపియ్యి బిడ్డా" అంది. ఆమె బస్సెక్కగానే రాయి తీసేశాను. మన మల్లె మనింట్లోనే ఉండాలి.

మే నెలలో మల్లె ఎండిపోయింది. ఒక కొమ్మ కోసం వాడలో మూడిళ్లు తిరిగాను. "మీరెప్పుడన్న ఇచ్చిన్రా?" అన్నారు. తీరా చూస్తే అమ్మ ఆ రోజే రెండు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి అత్త సంచిలో వేసిందట. ఒకటి బతికింది. ఈ ఏడు కోదాడ నుంచి మల్లెపూలు వస్తున్నాయి గానీ మొక్క రావడం లేదు. ఫోన్లో అమ్మ అడిగితే "నీ కొడుకు మళ్ల రాయి తీస్తడు వదినా" అందట.

6. బొంత ఒంటరిగా కుట్టండి

మెత్తబడ్డ పాత నూలు చీరలు నాలుగైదు పొరలుగా నేల మీద పరిచి, ముడతల్లేకుండా లాగి, అంచుల నుంచి మొదలుపెట్టి దగ్గర దగ్గరగా కుట్లు వేసుకుంటూ నడిమికి వస్తారు. ఎదురెదురుగా ఇద్దరు కూర్చోవాలి. నడిమికి చేరేసరికి వాడకట్టు కబుర్లన్నీ ఒక కొలిక్కి వస్తాయి. ఇంత కాలహరణం అక్కర్లేదు. బీరువాలో పాలిస్టర్ చీరలుంటాయి, అవి వేయండి, మెరుస్తాయి. జానెడుకో కుట్టు చాలు. ఎవర్నీ పిలవకండి, సలహాలిస్తారు.

సాయంత్రానికి పూర్తిచేశాను. రాత్రి కప్పుకున్నాక పొరలన్నీ జారి కాళ్ల దగ్గర చేరాయి. అక్కడ నాలుగు చీరలు, ఛాతీ మీద ఒకటి. పొద్దున అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇది బొంత గాదు కొడకా, మూట" అంది.

7. పిల్లల ప్రాజెక్టు మీరే చేయండి

మా పాప ఏడో తరగతి. సోమవారానికి సాగర్ డ్యాము నమూనా తెమ్మన్నారు. అట్టముక్కలు, జిగురు ముందేసుకుని శనివారమే మొదలుపెట్టింది. వంకరగా వస్తోందని లాక్కున్నాను. ఆదివారం రాత్రి పదకొండు దాకా కూర్చుని థర్మాకోల్‌తో కట్టాను. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశారని స్కెచ్ పెన్‌తో రాశాను. గేట్లు 24 అయ్యేసరికి థర్మాకోల్ అయిపోయింది. "ఇరవై ఆరు ఉంటయి డాడీ" అంది పాప. నిద్రపొమ్మన్నాను.

మర్నాడు క్లాసులో సారు "మన మిర్యాలగూడ, కోదాడలకు నీళ్లొచ్చేది ఏ కాలువ?" అని అడిగితే "మా డాడీని అడిగి చెప్త సార్" అందట. నమూనా మీద మంచి గ్రేడే పడింది. పక్కనే "నాన్నగారికి అభినందనలు" అని కూడా రాశారు. మళ్లీ థర్మాకోల్ తక్కువ పడకూడదని ఆ సాయంత్రమే నాలుగు షీట్లు తెచ్చి అటక మీద పెట్టాను. అవి దేనికి పనికొచ్చాయో కింద చదవండి.

8. బతుకమ్మను అంటించండి

గునుగు కాడల్ని ఒకే పొడవున కోసి, కట్టలు కట్టి, కొసల్ని రంగునీళ్లలో ముంచి ఆరబెట్టడం ముందురోజు పని. తెల్లారాక సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు, గునుగు, బంతి, చామంతి వరసలుగా పేర్చాలి. పేర్చేకొద్దీ నడుమ ఖాళీలో ఆకులు, కాడల ముక్కలు దట్టంగా కూరాలి. ఆ కనపడని ఆకుల బలం మీదే బతుకమ్మ నిలబడుతుంది. ఒకరు కాడలు తుంచి అందిస్తుంటే ఇంకొకరు పేర్చాలి, మరొకరు సిబ్బి తిప్పాలి. పైన పసుపు గౌరమ్మను పెట్టేసరికి మధ్యాహ్నం దాటుతుంది.

2014 నుంచి బతుకమ్మ రాష్ట్ర పండుగ. అంత పండుగకు పొట్టి బతుకమ్మ ఎత్తుకెళ్తే పరువేం కావాలి? సద్దుల బతుకమ్మ నాడు అటక మీది షీట్లు దించి, మూడడుగుల గోపురం కోసి, గ్లూ గన్‌తో పూలు అంటించాను. గంటన్నరలో పని ముగిసింది. వీధిలో అందరికంటే మాదే ఎత్తు.

సద్దుల చెరువు దగ్గర అందరి బతుకమ్మలూ నీళ్లలో విచ్చుకుని పూలుపూలుగా విడిపోయాయి. మాది పడవలా నిలబడింది. మా ఆవిడ చేత్తో నొక్కింది. లేచింది. రెండు చేతులతో నొక్కింది. మళ్లీ లేచింది. "ఏందక్కా, మీ బతుకమ్మ పోనంటుంది?" అని ఎవరో అన్నారు. ఒడ్డంతా నవ్వులు. మూడు రోజుల తర్వాత కట్ట మీద వాకింగ్‌కు వెళ్లిన కిందింటాయన ఫోన్లో ఫొటో పంపాడు. నీళ్లలో తెల్లటి గోపురం, దాని మీద ఒక కొంగ.

9. నాటనిదాన్ని పీకేయండి

చివరిది, అన్నిటికంటే ముఖ్యమైనది. డబ్బు పెట్టి కొననిది, ముహూర్తం చూసి నాటనిది ఇంట్లో పెరగనివ్వకూడదు, అలుసైపోతాం.

మా మెట్ల మూలన ఆ టమాటా కుండీ పగిలి పడి ఉంది, రెండేళ్ల నాటి నా ఊకతో సహా. అమ్మ మోకాళ్ల నొప్పులతో పైదాకా ఎక్కలేక, బియ్యం కడిగిన నీళ్లు రోజూ అందులో పోస్తుంది. వంటింటి తొక్కలు కూడా అక్కడే వేసి గుప్పెడు మట్టి చల్లుతుంది. పిట్ట వేసిందో, గాలికొచ్చిందో, అందులో బచ్చలి మొలిచింది. పాప దానికి కొబ్బరితాడు కట్టి కిటికీ ఊచలకు పాకించింది. ఎర్రటి తీగ, అరచేతంత ఆకులు. సోమవారం నుంచి శనివారం దాకా అక్కడ ఏం జరుగుతుందో నేను చూడలేదు. ఆ రోజుల్లో నేను మిల్లులో ఉంటాను.

పోయిన ఆదివారం పీకేద్దామని కత్తి పట్టుకుని వెళ్లాను. ఆకులప్పటికే కోసేశారు, తీగ మాత్రం వదిలారు. ఆ పూట బచ్చలికూర పప్పు. రెండుసార్లు వడ్డించుకున్నాను.