పెంపకంలో పెట్టుబడుల ఉపసంహరణ

మా విశాఖలో ప్రతి పిల్లాడూ రెండుసార్లు పుడతాడు. ర్యాంకు వచ్చిన రోజు తల్లిదండ్రులకు పుడతాడు. రైలు మీద రాయి వేసిన రోజు స్నేహితులకు పుడతాడు.

మొదటి పుట్టుక చూడాలంటే ఇంటర్ ఫలితాలు వచ్చిన వారంలో గాజువాక నుంచి మద్దిలపాలెం దాకా సిటీ బస్సులో ఒకసారి రండి. కూడలి కూడలికీ ఫ్లెక్సీ, ఫ్లెక్సీ నిండా పాస్‌పోర్టు సైజు మొహాలు. ఆ ఇళ్ళకు వెళ్తే మిఠాయి చేతిలో పెట్టి మరీ చెబుతారు. రెండేళ్ళు టీవీ కేబుల్ పీకించేశామండీ. తెల్లారగట్ల నాలుగింటికే వాళ్ళమ్మ లేచి కాఫీ పెట్టేది. పండక్కి కూడా ఊరెళ్ళలేదు. విన్నవాడికి పరీక్ష రాసింది ఆ కాఫీ గిన్నేమో అని అనుమానం వస్తుంది. ‘అంతా మా పెంపకం’ అన్న మాట తండ్రి పైకి అనకపోయినా మీసం మీద కనిపిస్తూనే ఉంటుంది.

రెండో పుట్టుక పోలీస్ స్టేషన్ బెంచీ మీద జరుగుతుంది. ‘మా గుంటడు అలాటోడు కాదండీ బాబూ. ఆ పక్కీదోళ్ళతో తిరిగి పాడైపోనాడు.’ ఆ పక్కవీధి తండ్రి అదే బెంచీకి రెండో చివర కూర్చుని అదే వాక్యాన్ని ఇటువైపు తిప్పి చెబుతుంటాడు. ఊళ్ళో ప్రతివాడూ పక్కవాడి వల్లే చెడిపోతే అసలు మొదట చెడిపోయినవాడు ఎవడో ఒకడు ఉండాలి కదా! పాత గాజువాక నుంచి భీమిలి దాకా గాలించినా వాడు మాత్రం దొరకడు.

2021 జనవరి 27న విశాఖ ఉక్కు ఫ్యాక్టరీలో తనకున్న నూటికి నూరు శాతం వాటా వదిలించుకోవాలని కేంద్రం నిర్ణయం తీసుకుంటే ఊరు ఊరంతా రోడ్డెక్కింది. ఎక్కాల్సిందే. లాభాలు వచ్చినప్పుడు మాది, నష్టం రాగానే మాకు సంబంధం లేదంటే ఎలా అని కూర్మన్నపాలెం గేటు దగ్గర శిబిరంలో అడిగినవాళ్ళలో తండ్రులు చాలామంది ఉన్నారు. వాళ్ళలోనే ఎవరికో ఒకరికి ఓ రాత్రి స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది. ఢిల్లీకి నెలల తరబడి కమిటీలు, కన్సల్టెంట్లు కావలసి వచ్చిన పనిని ఆయన ఆ ఫోన్‌లోనే అర నిమిషంలో ముగించేస్తాడు. ‘ఈ మధ్య వాడు మా మాట వినడం లేదండీ.’ వంద శాతం పెట్టుబడుల ఉపసంహరణ. టెండరు కూడా పిలవలేదు.

సరే, సంగతికి వద్దాం. 2023 జనవరి 11. సికింద్రాబాద్‌–విశాఖ వందే భారత్ అప్పటికి ఒక్క ప్రయాణికుణ్ణి కూడా ఎక్కించుకోలేదు. 15వ తేదీన, సరిగ్గా సంక్రాంతి నాడు, ప్రధానమంత్రి జెండా ఊపాలి. కొత్త అల్లుడిలా ముస్తాబై వచ్చిన ఆ రైలును కోచింగ్ డిపోకు తీసుకెళ్తుంటే కంచరపాలెం దగ్గర రాళ్ళు పడ్డాయి. అద్దాలు పగిలాయి. కొత్తగా, తెల్లగా ఉండటం తప్ప పాపం ఆ రైలు చేసిన తప్పేమీ లేదు. పోలీసులు ముగ్గురు యువకుల్ని పట్టుకున్నారు. ఇదే మొదలూ కాదు, తుదీ కాదు. ఏప్రిల్‌లో ఖమ్మం–విజయవాడ మధ్య ఎవరో మళ్ళీ కిటికీ పగలగొడితే, విశాఖలో ఉదయం 5.45కి కదలాల్సిన బండి 9.45కి కదిలింది. ఆ ఏడాది మూడు నెలలు తిరిగేసరికే వందే భారత్‌ల మీద తొమ్మిదిసార్లు రాళ్ళు పడ్డాయని దక్షిణ మధ్య రైల్వే చెప్పింది. రాళ్ళేస్తున్నవాళ్ళలో 6 నుంచి 17 ఏళ్ళ పిల్లలు ఉన్నారని కూడా చెప్పింది.

ఆరేళ్ళవాడికి రైల్వేతో ఏం తగాదా ఉంటుంది? టిక్కెట్టు కన్ఫర్మ్ కాలేదనా?

ఇలాంటివాళ్ళ కోసం మన పత్రికలు ఒక మాట దాచిపెట్టుకున్నాయి. ఆకతాయిలు. తెలుగులో ఇంత వెసులుబాటున్న మాట ఇంకోటి లేదు. ఆకతాయికి ఇంటిపేరు ఉండదు, రేషన్ కార్డులో పేరు ఉండదు, పేరెంట్స్ మీటింగుకు వచ్చే తల్లి ఉండదు. అల్పపీడనంలాగా బంగాళాఖాతంలో ఎక్కడో పుడతాడు, కంచరపాలెం దగ్గర తీరం దాటతాడు, మర్నాటికి బలహీనపడిపోతాడు. వాతావరణ కేంద్రం తప్ప ఎవరూ బాధ్యత తీసుకోనక్కర్లేదు.

‘మేం మాత్రం చెయ్యలేదా?’ అని ఇక్కడ తాతయ్యలు అడ్డొస్తారు. చేశారు. భోగి ముందు రాత్రి ఎదురింటి వెదురు తడిక, పక్కింటి కాలు విరిగిన మంచం ఎత్తుకెళ్ళి మంటలో వేశారు. పొద్దున్నే ఆ మంచం గల పెద్దావిడ వచ్చి మీ వంశం మొత్తాన్ని వరసపెట్టి తిడితే మీ నాన్నగారు చేతులు కట్టుకుని విన్నారు, మధ్యాహ్నానికి కొత్త నులక మంచం కొనిచ్చారు. ఆ ముక్క కూడా కథలో కలిపి చెప్పండి తాతయ్యా! పైగా మంచం ఒకచోట నిలబడి ఉండేది. రైలు నిలబడదు. గంటకు వంద కిలోమీటర్లు దాటి పోయే బండి మీదికి రాయి విసరనక్కర్లేదు, దారిలో గాల్లో ఉంచితే చాలు, మిగతా పని బండే చేసిపెడుతుంది. కిటికీ పక్కన కూర్చున్న మనిషికి ఆ రాయి వేసినవాడి వయసెంతో అద్దం పగిలాక తెలిసి లాభం లేదు.

ఇప్పటి రైల్వే చట్టం 153వ సెక్షన్ ప్రకారం ప్రయాణికుల ప్రాణాల మీదికి తెస్తే అయిదేళ్ళ దాకా జైలు. మైనరైతే జువెనైల్ బోర్డు. తెల్లవాళ్ళ 1890 నాటి చట్టం ఇంకా చమత్కారంగా ఉండేది. పన్నెండేళ్ళ లోపు పిల్లాడు ఇలాంటి పని చేస్తే, మగపిల్లాడైతే వాణ్ణి కొరడాతో కొట్టించవచ్చు, లేదా ఇంకోసారి చెయ్యనివ్వనని వాడి తండ్రి చేత బాండు రాయించుకోవచ్చు. ఏది కావాలో కోర్టు ఇష్టం. ఇందులో మొదటి సగం మన తండ్రులకు మహా నచ్చుతుంది. ‘మీరే నాలుగు పీకండి సార్, అప్పుడుగానీ బుద్ధి రాదు’ అని ఎస్సైకి కొడుకును అప్పజెప్పే తండ్రిని మీరూ చూసే ఉంటారు. పెంపకం ఎలాగూ కాంట్రాక్టుకు ఇచ్చేశాడు, కొట్టడం కూడా అందులోనే కలిపేశాడు. రెండో సగం, ఆ బాండు సంగతి ఎత్తండి, వెంటనే లాయరు వస్తాడు.

2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టంలో కొరడా లేదు. పిల్లాడితోపాటు తల్లిదండ్రులకూ కౌన్సెలింగ్ ఇవ్వొచ్చంది, జరిమానా తల్లిదండ్రుల చేత కట్టించవచ్చంది. కౌన్సెలింగ్ అనగానే మావాళ్ళు ‘ఏ కాలేజీ, ఏ బ్రాంచి?’ అని అడుగుతారు. అది వేరే బాధ.

రాయి సంగతి ఇలా ఉంటే, ఇక రాయికి రెండు చక్రాలు, ఒక ఇంజను తగిలించిన సంగతి.

పదో తరగతి పాసైతే బండి. ఇంటర్‌లో చేరితే పెద్ద బండి. కొన్నరోజు ఆసిల్‌మెట్ట సంపత్ వినాయకుడి గుడి ముందు బారు తీరుతారు. పసుపు, బొట్టు, దండ, చక్రాల కింద నిమ్మకాయలు. కాగితాల మీద పేరు తండ్రిది, నిమ్మకాయలు తొక్కించింది పదహారేళ్ళ పుత్రరత్నం. తల్లిదండ్రుల చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి లోకమంతా తిరిగొచ్చిన తమ్ముణ్ణి ఓడించిన దేవుడు ఆ వినాయకుడు. అన్నీ చూస్తూ కూర్చుంటాడు. కుర్రాడు మాత్రం ఆ రాత్రే కుమారస్వామి పద్ధతి ఎంచుకుని ఆర్కే బీచ్ నుంచి రుషికొండ వైపు లోకసంచారానికి బయల్దేరతాడు. ముందు చక్రం గాల్లో, వెనక స్నేహితుడు, వాడి చేతిలో ఫోన్. వీడియోకు మొదటి లైకు తల్లిది. ‘జాగ్రత్త కన్నా’ అని కింద రెండు దండం బొమ్మలు.

2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి 199ఏ అని ఒక సెక్షన్ చేర్చారు. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకుడో, బండి యజమానో నేరస్థుడు. మూడేళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాదిపాటు రద్దు, కుర్రాడికి పాతికేళ్ళు వచ్చేదాకా లైసెన్సు లేదు. తప్పించుకోవడానికి ఒక్క సందు ఉంది. తనకు తెలియకుండా జరిగిందనో, ఆపడానికి చెయ్యగలిగిందంతా చేశాననో తండ్రి రుజువు చేసుకోవాలి. తెలియకుండా! ఆ సైలెన్సరు మార్పించిన రోజు నుంచీ వీధి చివర కుక్కలు లేస్తున్నాయి, రెండో అంతస్తు పసిపాప లేస్తోంది, బీపీ మాత్రలేసుకున్న రిటైర్డు హెడ్మాస్టరు లేస్తున్నారు. నాన్నగారికి మాత్రం గాఢనిద్ర. అలా మార్చిన సైలెన్సర్లను మా పోలీసులు నడిరోడ్డు మీద పరిచి రోడ్డు రోలరుతో తొక్కించారు. చూడముచ్చటగా ఉంది. రోలరు కింద ఇనుము చదునైంది. కొనడానికి డబ్బిచ్చిన జేబు ఏ రోలరు కిందా పడలేదు.

మాది ఓడరేవు ఊరు కాబట్టి ఇంకో మాట. డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి ఆ ఇరుకు కాలువలోకి ఎంత అనుభవమున్న కెప్టెనైనా ఓడను సొంతంగా తీసుకురాడు. పోర్టు పైలట్ నిచ్చెనెక్కి వస్తాడు, ఎటు తిప్పాలో ఆయనే చెబుతాడు. అయినా ఓడ వెళ్ళి గోడకు గుద్దుకుంటే నష్టం కట్టాల్సింది ఓడ యజమానే. పైలట్ ఎక్కాడు కాబట్టి నాకు సంబంధం లేదంటే కుదరదు. చెడు స్నేహాలు అంటున్నారే, అవి ఈ పైలట్ లాంటివి. మీ ఓడ మీదికి ఎవడో ఎక్కాడు, నిజమే. నిచ్చెన వేసిందెవరు?

డబ్బున్న పెంపకం ఎంత దూరం పోతుందో 2024 మేలో పుణే చూపించింది. పదిహేడేళ్ళవాడు పోర్షే కారు నడిపి ఇద్దరు యువ ఇంజనీర్ల ప్రాణాలు తీశాడన్నది కేసు. గంటల్లో బెయిలు. షరతుల్లో ఒకటి, రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం. దేశం మండిపడ్డాక కుర్రాణ్ణి మళ్ళీ అదుపులోకి తీసుకున్నారు, తండ్రిని అరెస్టు చేశారు. పరీక్షకు కొడుకు రక్తం బదులు తన రక్తం ఇచ్చిందన్న ఆరోపణ మీద తల్లినీ అరెస్టు చేశారు. బిడ్డ కోసం రక్తం ధారపోసే తల్లుల గురించి పురాణాల్లో విన్నాం గానీ ల్యాబు రిపోర్టులో వినడం అదే మొదటిసారి. ఇక ఆ 300 పదాల లెక్కన ఇన్నేళ్ళుగా వారం వారం రాస్తున్న నా ఖాతాలో ఎన్ని నేరాలకు సరిపడా నిల్వ ఉందో తలచుకుంటే నాకే భయంగా ఉంది.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. బాధ్యత బాధ్యత అని నాలాంటివాడు అరిస్తే ముందు దొరికేది బీచ్ రోడ్డు నాన్న కాదు. పట్టాల పక్క రేకుల ఇంట్లో ఉండి, సి షిఫ్టు కాంట్రాక్టు కూలికి రాత్రి పదింటికి వెళ్ళి పొద్దున ఆరింటికి దిగే నాన్న. ఆయన మెలకువగా ఉన్నప్పుడు పిల్లాడు బడిలో ఉంటాడు, పిల్లాడు వీధిలో ఉన్నప్పుడు ఆయన నిద్రలో ఉంటాడు. తల్లి నాలుగిళ్ళలో అంట్లు తోముతుంటుంది. ఆడుకోవడానికి మైదానం లేని పేటలో కాలికింద కంకర, కళ్ళముందు రైలు. 25,000 అన్న అంకె ఆయనకు జరిమానాలా వినపడదు, ఊరొదిలి పొమ్మన్నట్టు వినపడుతుంది. బీచ్ రోడ్డు నాన్నకు అదే అంకె పిల్లాడి ఫోన్ ఖరీదులో సగం. ఇద్దరినీ ఒకే తాటికి కట్టమని నేననను. కానీ స్టేషన్లో నేను చూసినంతలో, కొడుకు పక్కన నేల మీద కూర్చుని ‘తప్పయిపోనాది బాబూ’ అన్నవాడు రేకుల ఇంటి నాన్నే. రెండో ఆయన కుర్చీలో కూర్చుని ఎవరికో ఫోన్ కలుపుతున్నాడు.

ఊరు కూడా తక్కువ తినలేదు. 2023 నవంబరు 19 రాత్రి ఫిషింగ్ హార్బరులో పడవలు కాలిపోయినప్పుడు తెల్లారేసరికి వీధులన్నీ తీర్పు ఇచ్చేశాయి. వీడియోలు తీసే కుర్రాడెవడో పార్టీ చేసుకుని తగలబెట్టాడట. ఆ కుర్రాణ్ణి పోలీసులు పిలిచి ప్రశ్నించారు కూడా. చివరికి దర్యాప్తులో తేలిందని వాళ్ళు చెప్పింది వేరు. పడవలో మందు కొట్టిన మరెవరో ఇద్దరు పారేసిన సిగరెట్ ముక్క అది. పక్కింటి పిల్లాడైతే నేరం రుజువు కానక్కర్లేదు, మనింటి పిల్లాడైతే రుజువైనా అల్లరే.

మొన్న తెల్లవారుజామున అదే వందే భారత్‌లో సికింద్రాబాద్ వెళ్తున్నాను. నా ముందు వరుసలో ఒక కుటుంబం. కొడుకును అక్కడి కాలేజీలో చేర్పించడానికట. ర్యాంకు గురించి పక్కవాళ్ళకు అప్పటికే చెప్పేశారు, టీవీ కేబుల్ పీకించిన వైనంతో సహా. కిటికీ పక్క కుర్రాడు నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. రాత్రి రెండింటి దాకా ఫ్రెండ్స్ బీచ్ రోడ్డులో వీడ్కోలు పార్టీ ఇచ్చారండీ, సైలెన్సర్ల మోత మోగించేశారు, అని తల్లి మురిపెంగా చెప్పింది. బండి కంచరపాలెం దాటుతోంది. తండ్రి లేచి, కొడుకు మీదుగా వంగి, కిటికీ తెర కిందికి లాగాడు.

‘ఇక్కడ ఆకతాయిలుంటారండీ,’ అన్నాడు నాతో, ‘ఏం తల్లిదండ్రులో ఏంటో.’