రంగు పిల్లలు

ముక్కోటి ముందురోజు తెప్పోత్సవం చూసుకుని భద్రాచలం కరకట్ట మీదుగా వస్తుంటే, ఓ సైకిలు దగ్గర మా ఆరేళ్ల పాప అడుగు కదపనంది. క్యారేజీ మీద జాలీబుట్ట. అందులో గులాబీ, పచ్చ, వంకాయ రంగుల్లో కోడిపిల్లలు.

"జత ఇరవై," అన్నాడు సైకిలతను.

నేను వద్దన్నాను. మా అత్తమ్మ కొంగుముడి విప్పి మూడు జతలు కొనిచ్చింది.

మాది చర్ల రోడ్డులో, ఊరు అయిపోయి అడవి మొదలయ్యే చోట ఇల్లు. పెరట్లో పదిహేను నాటుకోళ్లు. గద్దనీ ముంగిసనీ కనిపెట్టడం, గుడ్డును దీపానికి పట్టి మురిగిందో లేదో చెప్పడం అత్తమ్మకు కొట్టినపిండి. అప్పుడే పిల్లల్ని లేపిన నల్లపెట్ట ఒకటుంటే, చీకటి పడ్డాక దాని రెక్కల కిందికి ఆరింటినీ దూర్చింది.

"తెల్లారేసరికి తనవే అనుకుంటదిలే."

అనుకోలేదు. వెలుగు రాగానే ఆ రంగులు చూసి పొడవడం మొదలెట్టింది. మేం గంప ఎత్తేలోపే రెండు పోయాయి.

మిగిలిన నాలుగూ అట్టపెట్టెలోకి, బల్బు కిందికి చేరాయి. పుట్టిన తొలి వారం కోడిపిల్లకు 95 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెచ్చదనం కావాలి. మా ఇంట్లో థర్మామీటరు లేదు, అత్తమ్మ కళ్లున్నాయి. పిల్లలు బల్బు కింద ఒకదాని మీదొకటి పడితే చలి; మూలలకు పోయి నోళ్లు తెరిస్తే వేడెక్కువ. రాత్రి మూడుసార్లు లేచి బల్బును ఎత్తేది, దించేది.

అయిదో రోజు, కొక్కెర తెగులు రాకుండా కంట్లో లసోటా చుక్కలు వేయడానికి పశువుల ఆసుపత్రి సహాయకుడు వచ్చాడు. పెట్టెలోకి తొంగిచూసి నవ్వాడు.

"ఇవన్నీ పుంజులే పెద్దమ్మా!"

"ఈడుకే ఎట్టా తెలుస్తదయ్యా?"

"గుడ్ల ఫారాల జాతి ఇది. పుంజు గుడ్లు పెట్టదు. బ్రాయిలర్‌లాగా నలభై రోజులకు రెండు కిలోలూ తూగదు. అందుకని ఇరవయ్యొకటో రోజు గుడ్డు పగలగానే ఆడా మగా చూసేసి, మగవాటిని ఏరి చంపేస్తారు. చావు తప్పినవాటికి ఇట్లా రంగేసి తిరనాళ్లకు పంపుతారు. జర్మనీలో 2022 జనవరి నుంచి అట్లా చంపొద్దని చట్టం తెచ్చారు. అక్కడ గుడ్డులో ఉన్నప్పుడే ఆడో మగో చూసే మిషన్లు పెట్టారు."

అత్తమ్మ చెంపలు వాయించుకుంది.

"ఆడదైతే ఏంది, మగదైతే ఏంది? పుట్టిన పూటే మొహం తిప్పుకుంటారా! ఆళ్లకు మనసెట్టా ఒప్పిందయ్యా?"

అతను పచ్చపిల్లను వెల్లకిలా తిప్పాడు. బొడ్డు మానలేదు. పొట్ట ఉబ్బి నల్లబడింది, వాసన కొడుతోంది. మూడు పూటలుగా మేత ముట్టలేదు. "ఇది బతకదు పెద్దమ్మా. నీళ్లలో ముంచడం, సంచిలో కట్టి పారెయ్యడం మాత్రం చెయ్యొద్దు. మెడ ఎముక విడిపోయేట్టు ఒక్క లాగు లాగితే అంతటితో దాని బాధ తీరిపోద్ది. నాకియ్యి."

అత్తమ్మ ఇవ్వలేదు. అరచేతుల్లో పెట్టుకుని, అది కళ్లు మూసి సర్దుకునేదాకా ఊరుకుంది. తర్వాత ఒక్క లాగు. కుక్కలు తవ్వకుండా మోకాలిలోతు గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చింది. వచ్చి చేతులు కడుక్కుంటుంటే ఆ చేతులు వణుకుతున్నాయి.

గులాబీదానికి కాళ్లు రెండూ పక్కలకు చీలిపోయి నిలబడలేకపోతోంది. "అట్ట నున్నగా ఉండి జారుతోంది. అడుగున మెత్తటి గుడ్డ పరవండి. కాళ్ల మధ్య కాస్త ఎడం ఉంచి పీలికతో కట్టండి. నాలుగు రోజుల్లో నడుస్తుంది," అని చెప్పి అతను వెళ్లాడు.

అత్తమ్మ లోపలికెళ్లి ట్రంకుపెట్టె అడుగునుంచి ఓ మూట తెచ్చింది. మడత విప్పని తెల్లటి నూలుగుడ్డలు. అంచులకు నీలం దారంతో చేతికుట్టు. కలరా ఉండల వాసన. ఒకదాన్నుంచి పీలిక చింపి కాళ్లకు కట్టింది. మిగతావి పెట్టెలో పరిచింది. నేను పొయ్యి వైపు తిరిగాను.

నాలుగో రోజుకు గులాబీ పిల్ల నడిచింది. నెల తిరిగేసరికి రంగు నూగు రాలి మూడింటికీ తెల్లటి ఈకలొచ్చాయి. ఇంటికొచ్చిన వాళ్లందరికీ అత్తమ్మ చూపించేది: "పుట్టిన పూటే వద్దనుకున్నోళ్లు ఇప్పుడొచ్చి చూడాలి!"

ఓ సాయంత్రం పాప దండెం మీద ఆరిన గుడ్డను లాగి, ఆ నీలం కుట్టు మీద వేలు పెట్టి అడిగింది.

"నానమ్మా, ఇవి ఎవరికోసం కుట్టావు?"

అత్తమ్మ నూకల చేట తీసుకుని పెరట్లోకి వెళ్లిపోయింది.

"నీకేనమ్మా. నువ్వు నా కడుపులో ఉన్నప్పుడు," అన్నాను.

"మరి నాకు చుట్టలేదేం?"

ఆ రోజు ఆసుపత్రి మెట్లదాకా తెచ్చిందావిడ ఈ మూటని. నర్సు బయటికొచ్చి ఒక్క మాట చెప్పింది. మూట చంకలోనే ఉంది, ఆవిడ చర్ల బస్సెక్కేసింది.

మగపిల్లల కోసం కుట్టిన పొత్తిళ్లు. ఆరేళ్లకు మగపిల్లలకే దక్కాయి.