ఎవరూ అడగని జాబితా

డిసెంబరు వచ్చిందంటే కొందరికి కీళ్ళనొప్పులు, కొందరికి అయ్యప్ప మాల, నాకు జాబితా. ఆ ఏడాది వచ్చిన ఇంగ్లీషు పాటల్లో నచ్చినవాటిని ఏరి, వరస కట్టి, నలుగురికీ పంపితే తప్ప క్యాలెండరు మార్చబుద్ధి కాదు. ఎవరైనా అడిగారా అంటే లేదు. "గ్యాస్ బుక్ చెయ్యమని మూడు రోజులుగా మొత్తుకుంటున్నా గుర్తుండదు గానీ, ఎవత్తో అమెరికా పిల్ల పాట ఏ తారీఖున వచ్చిందో మాత్రం గుర్తుంటుంది" అంటుంది మా ఆవిడ.

గుర్తుంటుంది మరి. 2024 ఏప్రిల్ 11. పాట 'ఎస్ప్రెసో', పాడినది సబ్రినా కార్పెంటర్.

ఈ జాబితాకి కొన్ని నియమాలున్నాయి. పాట ఆ ఏడాదే పుట్టి ఉండాలి. సినిమా పాట కాకూడదు. వాటికి మన ఇళ్ళలో జరిగే సేవ జరుగుతూనే ఉంది, ఆగస్టులో వచ్చిన 'చుట్టమల్లే' మా కింది ఫ్లాటు పాప పుట్టినరోజు దగ్గర్నుంచి వినాయక నిమజ్జనం దాకా అన్ని శుభకార్యాలూ నడిపించింది. మూడో నియమం కాగితం మీద ఉండదు: ఆ పాట మా ఆఫీసులో ఇంకెవరికీ తెలిసి ఉండకూడదు. ఒక పాటని నేను ఫిబ్రవరిలో కనిపెట్టి, గుట్టుగా దాచుకుని, రోజూ బస్సులో వింటూ ఉంటే, జూన్‌కల్లా ఎవరో దాని మీద పెళ్ళికూతురు మేకప్ రీలు చేస్తారు. ఆ రోజుతో నాకూ ఆ పాటకీ తెగిపోయినట్టే. పాట ఏమీ మారలేదు, అదే గిటారు, అదే గొంతు. కానీ అది ఊరుమ్మడి ఆస్తి అయిపోయింది.

ఈ నియమాల మీద మా అమ్మాయితో పేచీ పడని ఏడాది లేదు. ఆ ఏడాది పేచీ 'ఎండ్ ఆఫ్ బిగినింగ్' మీద. పాడినవాడు జో కీరీ, 'స్ట్రేంజర్ థింగ్స్'లో నటుడు, పాటలకి మాత్రం జో అని వేరే స్పెల్లింగుతో పేరు పెట్టుకున్నాడు. పాట వచ్చింది 2022లో. రెండేళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. 2024 మొదట్లో రీల్స్ వాళ్ళ కంటబడింది, ఇక చూడండి, సొంత ఊరి ఫొటో ఉన్న ప్రతివాడూ దాన్నే వాడాడు. "నువ్వు విన్నది ఈ ఏడాదే కదా నాన్నా" అని అమ్మాయి వాదన. విన్నది లెక్క కాదు, వచ్చిందే లెక్క అన్నాను. "అయితే నీ జాబితాలో పాటలుంటాయా, జనన ధ్రువపత్రాలా?" అంది. కాలేజీలో డిబేటింగ్‌కి ఫీజు కట్టినందుకు ఇదీ ఫలితం.

పాప్ పాటకీ ఇండీ పాటకీ తేడా ఏమిటని మా అమ్మ ఒకసారి అడిగింది. పాప్ పాట చెప్పాపెట్టకుండా దిగబడే చుట్టం అన్నాను. మనం వద్దన్నా హాల్లో కూర్చుని కాఫీ అడుగుతుంది. ఇండీ పాట కోసం మనమే తెల్లారుజామున స్టేషనుకెళ్ళి, ఏ బోగీలో ఉందో వెతికి, దాని పెట్టె కూడా మనమే మోసి తెచ్చుకోవాలి. "మరి మోసి తెచ్చుకున్నదాన్ని అందరికీ చూపించాలి గానీ దాచడమెందుకురా?" అంది. దీనికి నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు.

'ఎస్ప్రెసో' అలా దిగబడిన చుట్టమే. క్షవరానికి వెళితే అది, చొక్కా కొలత చూసుకుందామని ట్రయల్ రూమ్‌లోకి దూరితే అది, చివరికి పంటి డాక్టరు నోట్లో యంత్రం పెట్టి ఉండగా కూడా అదే. ఆ ఏడాది స్పాటిఫైలో ప్రపంచం మొత్తం మీద అందరికన్నా ఎక్కువ విన్న పాట ఇది, 160 కోట్ల సార్లకి పైగా. అందులో సగం ఆ పంటి డాక్టరు ఖాతాలోవే అయి ఉంటాయని నా అనుమానం. మా అమ్మ పాట పేరు కనుక్కుని, "ఎస్ప్రెసో అంటే పెళ్ళిళ్ళలో బుస్సుమంటూ నురగ కాఫీ పోస్తారు, పైన కాస్త చాక్లెట్ పొడి చల్లుతారు, అదేనా? దాని మీద కూడా పాట కట్టారూ?" అని ఆశ్చర్యపోయింది. ఇటలీ వాళ్ళకి ఎస్ప్రెసో అంటే గుక్కెడు నల్ల కషాయమని చెప్పి ఆవిడ పెళ్ళి భోజనాల జ్ఞాపకాలు పాడు చెయ్యడం నాకిష్టం లేకపోయింది.

ఈ పాట మీద నాకెంత కోపమున్నా, జాబితాలో పెట్టక తప్పలేదు. మూడు నిమిషాలైనా నిండని పాట. పల్లవి దాకా తీసుకెళ్ళే దారిలో ఒక్క అడుగు వృథా లేదు, అడుగున బాసు గిటారు తన పని తాను చేసుకుపోతుంది, పాడే పిల్ల మాత్రం తనకేమీ పట్టనట్టు, అద్దంలో చూసుకుంటూ పాడుతున్నట్టు పాడుతుంది. ఆ నిర్లక్ష్యం కుదరడానికి ఎంత కష్టపడి ఉంటారో పాటలు వినేవాడికి తెలుస్తుంది.

'బ్రాట్' సంగతి వేరు. చార్లీ ఎక్స్‌సీఎక్స్ ఈ ఆల్బమ్‌ని జూన్ 7న విడుదల చేసింది. అట్ట మీద బొమ్మ లేదు, ఆమె మొహం లేదు. కళ్ళు చెదిరే లేత ఆకుపచ్చ, మధ్యలో మసగ్గా నాలుగు నల్ల అక్షరాలు. ఆ రంగు ఆ వేసవిలో ప్రపంచాన్ని ఊపేసింది, కాలిన్స్ నిఘంటువు వాళ్ళు 'బ్రాట్' అన్న మాటనే ఆ ఏటి మాటగా ఎంచారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారు ప్రహరీకి రంగు వేయించారు. డిస్కౌంట్‌లో దొరికిందట, అచ్చం అదే ఆకుపచ్చ. అమ్మాయి స్నేహితులు బారులు తీరి ఆ గోడ ముందు ఫొటోలు దిగడం మొదలెట్టారు. సెక్రటరీ గారు జనరల్ బాడీ మీటింగులో, రంగు బాగోలేదన్న వాళ్ళందరి మొహాల మీదా కొట్టినట్టు ఆ ఫొటోలు చూపించారు. వచ్చే ఏడు లిఫ్టు లోపల కూడా అదే వేయిస్తామన్నారు.

ఆ ఆల్బమ్‌లో నాకు నచ్చింది డాన్సు పాట కాదు. 'గర్ల్, సో కన్ఫ్యూజింగ్' అని ఒకటుంది. తనని ఎప్పుడూ ఇంకో గాయనితో పోలుస్తారు, ఆమెకి తనంటే ఇష్టమో అసూయో తెలియదు, కలుద్దామనుకుంటారు గానీ కలవరు, అని చార్లీ గోడు వెళ్ళబోసుకుంటుంది. ఆ ఇంకో గాయని ఎవరా అని అందరూ తర్జనభర్జన పడుతుండగా, రెండు వారాలకి న్యూజీలాండ్ అమ్మాయి లార్డ్ అదే పాట రీమిక్స్‌లోకి వచ్చి తన వైపు కథ తను పాడేసింది. నేనెందుకు రాలేదో, నా బాధలేమిటో, ఇదిగో అంది. అయిపోయింది, ఇద్దరూ ఒకటయ్యారు. మా పెద్దమ్మ కోడళ్ళిద్దరూ ఒక వెండి కంచం విషయంలో మాట్లాడుకోవడం మానేసి ఎన్నేళ్ళయిందో ఎవరికీ గుర్తు లేదు. మధ్యలో గృహప్రవేశాలు జరిగాయి, పెద్దమనుషులు వచ్చి కాఫీలు తాగి వెళ్ళారు. ఒక రీమిక్స్ చేయిస్తే పోయేది.

అసలు నన్ను పడేసిన పాప్ పాట 'గుడ్ లక్, బేబ్!'. పాడినది చాపెల్ రోన్, మిస్సోరీ రాష్ట్రంలో విల్లర్డ్ అనే చిన్న ఊరి పిల్ల. ఒక అమ్మాయి ఇంకో అమ్మాయిని ప్రేమించి, ఆ సంగతి తనలో తనే ఒప్పుకోలేక, ఎవరో మగవాణ్ణి కట్టుకుని వెళ్ళిపోతుంటే, వదిలేయబడ్డ పిల్ల దీవించినట్టే దీవిస్తూ శపించే పాట. పల్లవిలో గొంతు ఒక్కసారిగా పై మెట్టుకి ఎగురుతుంది, అక్కడ తీపి లేదు, ఉక్రోషం ఉంది. నేను అమ్మకి కథంతా చెప్పాను, ఎలా తీసుకుంటుందోనని కాస్త జంకుతూనే. అంతా విని, "ఆ పిల్లలిద్దరి సంగతి సరే, మధ్యలో ఆ కట్టుకున్నవాడు ఏం పాపం చేశాడురా?" అంది. ప్రపంచ సంగీత విమర్శకులెవరికీ తట్టని ప్రశ్న ఇది.

ఆ పాట చివర చూడండి. అంతా అయిపోయాక, వేగం తగ్గిపోతూ, గొంతు సాగుతూ, స్వరం కిందికి జారుతూ ఆగిపోతుంది. బ్యాటరీలు అయిపోతున్న వాక్‌మన్‌లో క్యాసెట్ విన్నవాళ్ళకి ఆ చప్పుడు తెలుసు. బాలు గారి గొంతు మెల్లమెల్లగా కుంభకర్ణుడి గొంతు అయిపోయేది. సెల్స్ తీసి ఎండలో పెట్టి, పంటితో కొరికి, మళ్ళీ వేస్తే ఇంకో రెండు పాటలు వచ్చేవి. మొదటిసారి విన్నప్పుడు నా చెయ్యి అనుకోకుండా ఫోను వెనక్కి, సెల్స్ ఉండే చోటుకి వెళ్ళింది. ఈ చమత్కారం 1998లో పుట్టిన అమ్మాయి చేసిందని తెలిశాక ఆ పాటకి ఇంకో రెండు మార్కులు వేశాను.

ఇక మోసి తెచ్చుకున్నవి. సిండీ లీ పేరుతో పాడే పాట్రిక్ ఫ్లీగెల్ కెనడా కళాకారుడు. మార్చి 29న 'డైమండ్ జూబిలీ' అని 32 పాటల ఆల్బమ్ వదిలాడు. ఎక్కడ? అప్పటికి స్పాటిఫైలో లేదు, షాపులో లేదు. యూట్యూబ్‌లో రెండు గంటలు దాటిన ఒకే ఒక్క వీడియో, అదీ కాకపోతే జియోసిటీస్ పేజీ. మా వీధిలో ఇంటర్నెట్ సెంటరు వాడు గంటకి ముప్ఫై రూపాయలు తీసుకునే రోజుల్లో ఉండేవే, సరిగ్గా అలాంటి పేజీ. వీలైతే ముప్ఫై డాలర్లు పంపండి, లేకపోతే ఊరికే తీసుకోండి అన్నాడు. పిచ్‌ఫోర్క్ పత్రిక పదికి 9.1 ఇచ్చింది, ఆ పత్రిక చేత అన్ని మార్కులు వేయించడం మన ఇంటర్ బోర్డు చేత వేయించడం కన్నా కష్టం.

వింటుంటే మీటర్ల మీద ముల్లు తిప్పుతూ రేడియో సిలోన్ పట్టుకున్నట్టే ఉంటుంది. అరవైల నాటి అమ్మాయిల బృందగానం ఒక అలలో వస్తుంది, ఇంకో అలలో గిటారు మింగేస్తుంది, మీనాక్షి పొన్నుదొరై వచ్చి తర్వాతి పాట ఏమిటో చెబుతుందేమో అనిపిస్తుంది. గొప్ప ఆల్బమ్, సందేహం లేదు. కానీ కాపురం చేసేవాడు వినే ఆల్బమ్ కాదు. రెండు గంటలు మా ఇంట్లో నాకు టీవీ ఎవరిస్తారు? అరగంట అయ్యేసరికి అమ్మ సీరియల్, ఆ తర్వాత కొరియర్ వాడు, ఆ పైన మోటారు ఆపమని వాచ్‌మన్. తిరిగొచ్చి చూస్తే ఏ పాట దగ్గర ఆగానో తెలియదు. అందుకని మొదటి పాటలు నాకు కంఠతా వచ్చు, చివరివి మాత్రం పరాయివే.

డబ్లిన్ బృందం ఫాంటెయిన్స్ డీసీ పాట 'స్టార్‌బర్స్టర్' ఇంట్లో పెద్దగా పెట్టకూడని పాట. గాయకుడు గ్రియాన్ చాటెన్‌కి లండన్ సెయింట్ పాంక్రస్ స్టేషన్లో ఒకసారి గుండె దడ పుట్టి ఊపిరాడని స్థితి వచ్చింది. ఆ అనుభవం నుంచే ఈ పాట కట్టాడు, మధ్య మధ్యలో గట్టిగా ఊపిరి ఎగపీలుస్తాడు, తాళం లాగా. మొదటిసారి మోగినప్పుడు మా ఆవిడ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చింది, నాకే ఏదో అయిందనుకుని. నాకేం కాలేదని తెలిశాక ఆవిడ మొహంలో కనిపించింది ఊరటో నిరాశో నేను తరిచి చూడలేదు.

కొరియా పాట 'ఏపీటీ', బిల్లీ ఐలిష్ 'బర్డ్స్ ఆఫ్ ఎ ఫెదర్', వీటి గురించి నేను చెప్పేదేముంది, మా వీధిలో చంటిపిల్లలు కూడా పాడుతున్నారు. హనుమాన్‌కైండ్ 'బిగ్ డాగ్స్' మాత్రం చెప్పాలి. మలయాళీ కుర్రాడు, హ్యూస్టన్‌లో పెరిగాడు, జూలైలో వచ్చిన ఈ ర్యాప్ బిల్‌బోర్డ్ హాట్ 100 దాకా పోయింది. వీడియో అంతా మౌత్ కా కువాలో తీశారు, కేరళలో, పొన్నానిలో. ప్రపంచమంతా నోరెళ్ళబెట్టి చూసింది. నాంపల్లి నుమాయిష్‌లో టిక్కెట్టు కొని, వణికే చెక్కల మెట్లెక్కి, పైనుంచి పది రూపాయల నోటు చాచి పట్టుకుంటే గోడ మీద బైకు తోలేవాడు దాన్ని లాక్కుపోవడం చూసిన మనకి అంత ఆశ్చర్యమేముంది? పాట మాత్రం జబర్దస్తుగా ఉంది.

మొదటి స్థానం ఎవరికిచ్చానంటే, వాక్సాహాచీ 'రైట్ బ్యాక్ టు ఇట్'కి. కేటీ క్రచ్‌ఫీల్డ్ అలబామా మనిషి, అక్కడి ఒక వాగు పేరే తన బృందానికి పెట్టుకుంది. బాంజో తీగ తాపీగా మీటుతుంటే, ఏళ్ళ తరబడి కలిసున్న ఇద్దరి మధ్య పోయి పోయి తిరిగొచ్చే ప్రేమ గురించి పాడుతుంది. కొత్త ప్రేమ మీద లక్ష పాటలున్నాయి. కరెంటు బిల్లు ఎవరు కట్టాలని గొడవపడ్డ సాయంత్రం వినదగ్గ పాట ఇదొక్కటే దొరికింది. ఆమెకి జతగా గొంతు కలిపినవాడు ఎంజే లెండర్‌మన్, నార్త్ కరోలినాలో యాష్‌విల్ వాడు. సెప్టెంబరులో అతని సొంత ఆల్బమ్ 'మానింగ్ ఫైర్‌వర్క్స్' కూడా వచ్చింది.

యాష్‌విల్ అనగానే నాకు మా బావమరిది గుర్తొచ్చాడు. వాడుండేది షార్లెట్‌లో, కారులో రెండు గంటల దూరం. అక్కడికి మన సంగీత దర్శకులెవరొచ్చినా ముందు వరసలో వీడే ఉంటాడు. మీ పక్క ఊరివాడేరా, వెళ్ళి ఒక్కసారి వినిరా అని ఏడాదంతా పోరాను. ఒకసారి సత్యనారాయణ వ్రతం, ఒకసారి బతుకమ్మ, ఒకసారి కూతురి కూచిపూడి. పోనీ పాటైనా వినమని 'రిస్ట్‌వాచ్' పంపాను. కావాలనే ఆ పాట పంపాను. తనకున్న హౌస్‌బోటు గురించీ, సకల పనులూ చేసే చేతి గడియారం గురించీ ఒకడు డంబాలు పోతుంటాడు. వాడి పక్కన మనిషన్నవాడు లేడని మనకి మెల్లగా తెలుస్తుంది. మా బావమరిది ఫ్యామిలీ గ్రూపులో వారానికో కొత్త వస్తువు ఫొటో పెడుతుంటాడు: కారు, గ్రిల్లు, మంచు ఊడ్చే యంత్రం.

వారం తర్వాత తెల్లవారుజామున ఫోను మోగింది.

"విన్నాను బావా. సూపర్‌గా ఉంది. రిపీట్‌లో పెట్టుకుని విన్నాను."

నా మనసు పొంగిపోయింది. "అర్థమైందిరా?"

"అర్థం కాకేం. ఇంతకీ ఆ వాచీ ఏ కంపెనీది బావా?"