పాత సరుకు

ఎలక్ట్రిక్ గిటారు వాయించేవాళ్లు నలుగురు కూడితే మాట పాట మీదికి పోయేలోపే టోన్ మీదికి పోతుంది. టోనంతా గిటారు కొయ్యలో ఉందని ఒకడు, పికప్‌లో ఉందని ఒకడు, వాల్వు (ట్యూబ్) ఆంప్‌లో ఉందని ఇంకొకడు. ఆ వాదన తేల్చేద్దామని మావాడు ఒక ఆదివారం హైదరాబాద్‌లోని తన రిహార్సల్ గదికి మమ్మల్ని పిలిచాడు. స్ట్రాటోకాస్టర్ ఒకటి, లెస్ పాల్ ఒకటి, వోక్స్ ఏసీ30 ఒకటి, మార్షల్ హెడ్ ఒకటి, దాని కింద నాలుగు పన్నెండంగుళాల స్పీకర్ల క్యాబినెట్. సగం తనవి, సగం అడిగి తెచ్చినవి.

వాళ్ల నాన్నగారూ గదిలోనే ఉన్నారు. బెజవాడ గవర్నర్‌పేటలో ఆయనకి రేడియో రిపేరు దుకాణం ఉండేది. స్విచ్ వేశాక కాసేపు వేడెక్కితే గానీ పలకని వాల్వు రేడియోలు ఆయన చేతి మీదుగా ఎన్ని బాగుపడ్డాయో లెక్కలేదు. ట్రాన్సిస్టర్లొచ్చాయి, టీవీలొచ్చాయి, చివరికి బాగుచేయించుకునేవాళ్లే లేకుండా పోయారు. మావాడు ఇంటర్లో ఉండగా దుకాణం మూసేశారు. ఆ ఏడే వాడి చేతికి మొదటి ఎలక్ట్రిక్ గిటారు వచ్చింది.

ముందు గిటార్లు మార్చి చూశాం. స్ట్రాట్‌లో ఉన్నవి సింగిల్ కాయిల్ పికప్‌లు, స్వరం మొనదేలి వస్తుంది. లెస్ పాల్‌ హంబకర్లో రెండు కాయిల్స్ ఒకదాని హమ్మును ఒకటి చంపేస్తాయి, స్వరం నిండుగా బొద్దుగా వస్తుంది. తేడా స్పష్టంగానే ఉంది. కానీ గెయిన్ పెంచి, కళ్లు మూసుకుని వింటే అందులో సగం మాయమైంది.

తర్వాత ఆంప్‌లు. వోక్స్‌లో నాలుగు ఈఎల్84 వాల్వులు, మార్షల్‌లో ఈఎల్34లు. ఒకటి గలగలమంటుంది, ఇంకొకటి ఛాతీ మీద గుద్దుతుంది. జిమ్ మార్షల్ కొట్లో 1962లో తయారైన మొదటి ఆంప్ ఫెండర్ కంపెనీ బాస్‌మాన్ ఆంప్ సర్క్యూట్‌ని చూసి కట్టిందే. అయినా ఫెండర్‌లా పలకలేదు. వాల్వులు మారాయి, స్పీకర్లు మారాయి, వెనక తెరిచి ఉండే పెట్టె పోయి మూసేసిన క్యాబినెట్ వచ్చింది. అంతే, ఇంకో గొంతు పుట్టింది.

అసలు దెబ్బ ఆ క్యాబినెట్ దగ్గరే తగిలింది. ఓమ్‌లు సరిచూసుకుని, వోక్స్ ఔట్‌పుట్‌ని మార్షల్ క్యాబినెట్‌కి కలిపాడు మావాడు. అదే గిటారు, అదే ఆంప్, నాబులు కదపలేదు. వోక్స్ కాస్తా వోక్స్ కాకుండా పోయింది! గిటారు స్పీకరు ఐదారు వేల హెర్ట్జ్ దాటితే దాదాపు పలకదు. ఆంప్‌లో పుట్టిన గరగరనంతా జల్లెడ పట్టి మన చెవికి పంపేది అదే. ఆ జల్లెడ మారిస్తే సంగీతమే మారిపోయింది. అంతెందుకు, మైకుని స్పీకరు నడిమధ్య నుంచి అంచువైపు ఒక్క అంగుళం జరిపితే, గిటారు మార్చినప్పటికన్నా పెద్ద తేడా వినపడింది. కొత్తగా గిటారు పట్టే పిల్లలకి నేను చెప్పేది ఇదే: డబ్బు తక్కువుంటే గిటారు మీద కాదు, స్పీకరు మీద పెట్టండి.

మావాడి మనసు మాత్రం వోక్స్ గలగల మీదే ఉంది. పై స్వరాలు వాయిస్తుంటే దాంట్లో సన్నగా లోహపు గణగణ ఒకటి తోడవుతోంది. మేమెవరం పట్టించుకోలేదు. నాన్నగారు లేచి ఆంప్ వెనక్కి వెళ్లారు. జేబులోంచి పెన్సిల్ తీసి, దాని వెనక కొసతో ఒక్కో వాల్వునీ మెల్లగా తట్టారు. మూడోదాన్ని తట్టగానే స్పీకర్లోంచి టింగుమంది.

“ఇదిగో, ఇది మోగుతోందిరా. ఈఎల్84 కదూ? మన రేడియోల్లో కూడా ఇదే...”

“ఇది రేడియో కాదు నాన్నా,” అన్నాడు మావాడు. “నువ్వు కూర్చో.”

ఆయన పెన్సిల్ జేబులో పెట్టుకుని వెళ్లి కూర్చున్నారు. ఆ గదిలో అందరికన్నా మంచి చెవి ఆయనదేనని నాకు అప్పుడే తెలిసింది. ఆ మాట అప్పుడే పైకి అనాల్సింది కూడా.

వాల్వులు మార్చక తప్పదని మావాడు ఒప్పుకున్నాడు. ఇప్పుడు గిటారు ఆంప్‌లకి వాల్వులు ఎక్కువగా రష్యా, స్లొవేకియా, చైనాల నుంచే వస్తాయి. వాడికవి ఆనలేదు. పాతకాలం నాటివి, ఎవరూ వాడకుండా పెట్టెల్లో మిగిలిపోయినవి, ఒకే కొలతకి సరిపోయే నాలుగు కావాలన్నాడు. ఇంగ్లండ్‌లో ఒక వ్యాపారి దగ్గర దొరికాయి. ఏ దేశంలో తయారయ్యాయో అడగలేదు. ఇంగ్లండ్ నుంచి వస్తున్నాయంటే ఇంగ్లండ్‌వే అనుకున్నాడు. ఖరీదు ఒక దెబ్బ, తెప్పించిన ఖర్చు ఇంకో దెబ్బ, పైన కస్టమ్స్ సుంకం.

పార్సిల్ వచ్చిన రోజు మళ్లీ అందరం చేరాం. అట్టపెట్టెల్లోంచి వాల్వులు లాగి, పెట్టెలు కింద పడేశాడు. గాజు మీది అచ్చు చాలావరకు చెరిగిపోయి, ఈఎల్84 అన్నది మాత్రం మిగిలింది. పాతవాటిని పీకబోతుంటే నాన్నగారు “కాస్త ఆగరా, చల్లారనీ. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో కరెంటు ఉంటుంది,” అన్నారు. మావాడు ఆగాడు. ఏసీ30లో బయాస్ సర్దే పని లేదు, పెట్టేసి వాయించుకోవడమే. పెట్టాడు. వేడెక్కనిచ్చి, ఒక్క కార్డు మీటాడు.

ఎవరం మాట్లాడలేదు. పై స్వరాలు గాజుగిన్నె అంచు మీద పలికినంత తేటగా ఉన్నాయి. కింది తీగలకి ఒళ్లు వచ్చింది. గణగణ లేనే లేదు. పిక్ గట్టిగా తగిలితే గర్రుమంటోంది, మెల్లగా తగిలితే శుభ్రమైపోతోంది. మంచి వాల్వు ఆంప్ చేతివేళ్లని వింటుందనేది అందుకే.

“విన్నావా నాన్నా?” అన్నాడు మావాడు, కళ్లలో నీళ్లు తిరుగుతుండగా. “ఇంగ్లీషువాళ్ల పనితనం అంటే ఇదీ. మన దగ్గర ఎప్పుడైనా ఇలాంటివి చేశారా?”

నాన్నగారు వంగి కింద పడున్న అట్టపెట్టెలు ఏరుతున్నారు. ఒకదాన్ని వెలుతురుకి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, నా చేతికిచ్చారు. దాని మీద భారత్ ఎలక్ట్రానిక్స్, బెంగళూరు అని ఉంది. 1961 నుంచి మన రేడియోలకి వాల్వులు చేసింది వాళ్లే. పెట్టె మూత తెరిచాను. లోపలి మడత మీద ఊదారంగు రబ్బరు స్టాంపు. దుకాణం పేరు, కింద గవర్నర్‌పేట, విజయవాడ-2. పక్కన పెన్సిల్‌తో రాసిన 18.

పెట్టెని మావాడికి అందించాను. వాడు చదివాడు, ఇంకోసారి చదివాడు.

“ఆ పద్దెనిమిది నా రాతేరా,” అన్నారు నాన్నగారు. “కొట్టు మూసేటప్పుడు పెద్ద డబ్బా నిండా ఉండిపోయాయి. మద్రాసు నుంచి ఒకాయన వచ్చి మొత్తం తీసుకుపోయాడు.”

“డబ్బా మొత్తం ఎంతకిచ్చావు నాన్నా?”

“నీ మొదటి గిటారు ఎంతయితే అంతకి.”