కాలికి 288 వారాలు

అమెరికా దయగల దేశం. తన యుద్ధంలో వంట వండేవాడికి, లారీ తోలేవాడికి, సైనికుల మరుగుదొడ్లు కడిగేవాడికి దెబ్బ తగిలితే ఎంతివ్వాలో 1941లోనే రాసి పెట్టుకుంది. దాని పేరు డిఫెన్స్ బేస్ యాక్ట్. ఓడరేవు కూలీల కోసం 1927లో చేసిన చట్టాన్నే విదేశీ స్థావరాలకూ సాగదీశారు. అమెరికా సర్కారు కాంట్రాక్టు కింద పరాయి గడ్డ మీద పనిచేస్తే చాలు, ఏ దేశపు కూలీకైనా కంపెనీ బీమా కట్టి తీరాలి. నేపాల్ వాడైనా, ఫిలిప్పీన్స్ వాడైనా, మన నిజామాబాద్ వాడైనా ఒకటే. పక్షపాతమన్న మాటే లేదు.

ఇక ధరల పట్టిక చూడండి. చెయ్యి మొత్తం పోతే 312 వారాలు. కాలు పోతే 288. మణికట్టు దాకా పోతే 244, పాదానికి 205, కంటికి 160. ఒక చెవి వినబడకపోతే 52. చేతి బొటనవేలు 75, చూపుడువేలు 46. చేతి చిటికెనవేలికి 15 వారాలైతే కాలి చిటికెనవేలికి 16. ఆ ఒక్క వారం తేడా ఏ మహానుభావుడు కొలిచి తేల్చాడో గానీ, ఇంత నిఖార్సయిన తూకం మన కంసాలి దగ్గర కూడా ఉండదు.

వారాలంటే వారాల జీతం కాదు, జీతంలో మూడింట రెండు వంతులు. తిరకాసంతా అక్కడే. లెక్క సులువు కోసం వారానికి 1,500 డాలర్లు తెచ్చుకునే అమెరికన్ డ్రైవరును, అదే కాన్వాయ్‌లో వెనక లారీ తోలుతూ 150 డాలర్లు తెచ్చుకునే మనవాణ్ని తీసుకోండి. ఒకే బాంబు, ఒకే క్షణం, ఇద్దరికీ కాలే పోయింది. మొదటివాడి కాలు 2,88,000 డాలర్లు. రెండోవాడిది 28,800. కాలు పోవడంలో సమానత్వం ఉంది కదా, దాని ఖరీదులో కూడా కావాలంటే మరీ అత్యాశ.

ఓడరేవు కూలీకి వారపు పరిహారం ఇంతకు తగ్గకూడదని పాత చట్టంలో ఒక హద్దు ఉంది. విదేశీ స్థావరాలకు వచ్చేసరికి ఆ కింది హద్దును తీసేశారు. పై హద్దు మాత్రం భద్రంగా ఉంచారు. ఇంకో చమత్కారముంది. క్షతగాత్రుడు అమెరికా పౌరుడు కాక, అక్కడ కాపురమూ లేనివాడైతే, బీమా కంపెనీ ఓ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ముందుముందు రావలసిన వాయిదాలన్నీ ఒకేసారి లెక్కగట్టి, అందులో సగం చేతిలో పెట్టి ఫైలు మూసేయొచ్చు. అవును, సగమే. రెండో సగం ఎటుపోయిందని చట్టాన్ని అడిగితే, పాస్‌పోర్టు చూపించమంటుంది.

చనిపోతే? భార్యకు, పిల్లలకు వస్తుంది. వాళ్లు లేకపోతేనే తల్లిదండ్రులకు, అదీ దెబ్బ తగలడానికి ముందు ఏడాదంతా కొడుకు వాళ్లను సాకి ఉంటేనే. చెల్లెలి పెళ్లి అప్పు తీర్చడానికి వెళ్లినవాడి చెల్లెలికి ఈ పట్టికలో చోటు లేదు. అంత్యక్రియల ఖర్చు 3,000 డాలర్లు దాటకూడదు.

పాపం, ఇంత బరువు మోసే బీమా కంపెనీలు చితికిపోతాయేమోనని బెంగపడకండి. ఆ బెంగ 1942లోనే తీర్చేశారు. వార్ హజార్డ్స్ యాక్ట్ ప్రకారం, దెబ్బ యుద్ధం వల్ల తగిలినదని తేలితే కంపెనీ ఇచ్చిన పరిహారాన్ని అమెరికా ఖజానా తిరిగి కట్టేస్తుంది. ప్రీమియం కూడా ఖజానాదే, కాంట్రాక్టు బిల్లులో కలిసి వస్తుంది. అత్త సొమ్ము అల్లుడు దానమంటారు మనవాళ్లు. ఇక్కడ అల్లుడు దానం చేసినందుకు కమీషన్ కూడా పుచ్చుకుంటాడు. 2008 మేలో అమెరికా ప్రతినిధుల సభ కమిటీ లెక్కలు విప్పితే తేలిందేమంటే, కాంట్రాక్టు కంపెనీ కేబీఆర్, బీమా కంపెనీ ఏఐజీకి కట్టిన ప్రీమియం 28 కోట్ల 40 లక్షల డాలర్లు. అందులో దెబ్బలు తిన్నవాళ్లకు చేరింది 7 కోట్ల 30 లక్షలు. మిగతాది ఎవరికి తగిలిన గాయానికి మందో కమిటీ వారికే తెలియాలి.

ఆ చేరిందైనా ఊరికే చేరలేదు. గాయపడ్డ 30 రోజుల్లో యజమానికి నోటీసు, ఏడాదిలోగా క్లెయిమ్, ఆ తర్వాత ‘మేం ఒప్పుకోం’ అని కంపెనీ పంపే కాగితం. 2009లో ప్రోపబ్లికా వార్తాసంస్థ, లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రిక కలిసి తవ్వితే, తీవ్రంగా గాయపడినవాళ్ల క్లెయిముల్లో దాదాపు 44 శాతం మొదటి దెబ్బకే తిరస్కరించారని బయటపడింది. మనసు చెదిరినవాళ్లవైతే సగానికి పైనే. తల మీద బాంబులు పడుతుంటే నిద్ర పట్టదన్న సంగతికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి మరి.

2004 ఆగస్టులో పన్నెండుమంది నేపాలీ కుర్రాళ్ల సంగతి గుర్తుందా? జోర్డాన్‌లో పని అని చెప్పి తీసుకెళ్లారు. కొందరికి అమ్మాన్‌లో పెద్ద హోటల్ అని కూడా చెప్పారు. తీరా చూస్తే దారి ఇరాక్‌లోని అమెరికా స్థావరానికి పోతోంది. అక్కడికి చేరకముందే మిలిటెంట్లు ఎత్తుకెళ్లి చంపేశారు, వీడియో తీసి ప్రపంచానికి చూపించారు. ఖాట్మండు తగలబడింది. వాళ్లకూ ఈ బీమా వర్తిస్తుందని, కుటుంబాలకు పరిహారం ఇవ్వాలని అమెరికా జడ్జి తేల్చింది 2008లో. చావు కబురు గంటల్లో చేరింది, చట్టం చేరడానికి నాలుగేళ్లు పట్టింది. అసలు అలాంటి చట్టమొకటి ఉందని ఆ కొండపల్లెల్లో చెప్పిన ఏజెంటు ఎవడూ లేడు.

2004లోనే భారత ప్రభుత్వం కూడా చురుగ్గా కదిలింది. మన లారీ డ్రైవర్లు ముగ్గురిని ఇరాక్‌లో బందీలుగా పట్టుకున్నాక, ఉద్యోగాలకు అక్కడికి వెళ్లడమే నిషేధించింది. జనం మానేశారా? కువైట్ మీదుగా పోయారు, దుబాయ్ మీదుగా పోయారు. నిషేధం వల్ల ఒరిగిందేమంటే, దెబ్బ తగిలినవాడు ఎంబసీ గుమ్మం తొక్కాలంటే ముందు తన తప్పు తాను ఒప్పుకోవాల్సి వచ్చేది. కాంట్రాక్టరుకు ఇంతకన్నా నమ్మకమైన కాపలాదారు దొరుకుతాడా?

ఇరవై ఏళ్ల తర్వాత యుద్ధం మారింది, దేశం మారింది. రష్యా సైన్యంలో ‘హెల్పర్’ పనికి మనుషులు కావాలని ఏజెంట్లు యూట్యూబ్‌లో పిలిస్తే, వెళ్లినవాళ్లలో ఒక హైదరాబాద్ యువకుడు 2024లో ఉక్రెయిన్ సరిహద్దు పోరులో చనిపోయాడని వార్త వచ్చింది. ఆ ఏడాది మార్చిలో సీబీఐ ఏజెంట్ల మీద కేసు పెట్టింది. కేసు పెడితే ఆఫీసు బోర్డు మారుతుంది గానీ వ్యాపారం మారదు. ఏ జిల్లా కేంద్రం బస్టాండ్ దగ్గరైనా మేడ మీద గదిలో కూర్చుని వినండి, సంభాషణ ఇలాగే నడుస్తుంది:

“క్యాంపుల ఏసీ రూము, మూడు పూటల తిండి, వారానికి రెండుసార్లు చికెన్. ఇంటికాడ కూడ గింత సుఖముండదు తమ్మీ.”

“మరి బాంబులు గిట్ల పడ్తయంటరు గదన్నా?”

“టీవీల చూస్తున్నవా? అదంతా గోడకవతల. మనోళ్లు గోడకివతలనే ఉంటరు.”

“ఇన్సూరెన్స్ ఉంటదా అన్నా? కాలో చెయ్యో పోతే ఏమిస్తరు?”

ఏజెంటు కాల్క్యులేటరు పక్కకు నెట్టాడు. “పోకముందే గా మాటలెందుకు, మంచిరోజు చూసుకొని వచ్చినవు. మెడికల్‌కు, టికెట్‌కు లక్షన్నర. రేపే గడ్తవా, సోమవారమా?”