బందరు రోడ్డు పాత భవనం ఆత్మకథ

బెజవాడ బందరు రోడ్డు మీదున్న ఈ పాత భవనం తన కథ తానే చెప్పుకుంటోంది. కృష్ణా జిల్లా కలెక్టరు రాబర్ట్ సూయల్ 1887 జూన్ 27న దీనికి పునాదిరాయి వేశాడు. విక్టోరియా రాణి గద్దెనెక్కి యాభై ఏళ్లయిన సందర్భం కనుక విక్టోరియా జూబిలీ మ్యూజియం అన్నారు. కట్టుబడి సంగతి అంతకంటే ఎక్కువ చెప్పాలని దీనికి లేదు. దీని మనసులో ఉన్నది వేరు.

పునాది వేసిన ఆ సూయల్ దొరే పదేళ్ల ముందు, 1877లో, అమరావతి బౌద్ధ స్తూపం దిబ్బను తవ్వించాడు. ఆయనకూ ముందు 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించిన శిల్పాల పలకలు మద్రాసు చేరి, అక్కడ ఓడెక్కి లండను వెళ్లిపోయాయి. ఇప్పుడు బ్రిటిష్ మ్యూజియంలో అమరావతి శిల్పాలు వందకు పైనే ఉన్నాయి. ఈ గోడలు లేచేనాటికే మేలైన రాళ్లెన్నో కృష్ణ ఒడ్డు దాటిపోయాయన్న బాధ దీన్ని ఎన్నడూ వదల్లేదు.

అందుకే తన దగ్గర మిగిలిన అల్లూరు బుద్ధుడంటే దీనికి ప్రాణం. క్రీస్తుశకం మూడు, నాలుగు శతాబ్దాల నాటి తెల్లని సున్నపురాతి విగ్రహం అది. దగ్గరికెళ్లి చూడండి: కుడి భుజం మీద వస్త్రం లేదు. ఎడమ భుజం నుంచి జారిన చీవరం మడతలు సన్నని గీతలై కిందికి దిగుతాయి. పాదాల పైన అంచు మాత్రం బరువుగా, మందంగా మలుపు తిరుగుతుంది. ఆ శిల్పి పేరు ఎక్కడా లేదు. చేతి పనితనం మాత్రం మిగిలింది.

ఇక దీని గర్వం 1921. మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు కావాలని తీర్మానించింది అప్పుడే. భట్లపెనుమర్రు బిడ్డ పింగళి వెంకయ్య జాతీయ జెండా నమూనా గీసి గాంధీజీ చేతికిచ్చింది ఈ భవనంలోనే.

అలాంటి చోటికి ఏళ్ల తరబడి తాళం వేశారు. మరమ్మతులన్నారు. బస్సులు, ఆటోలు హారన్లు కొడుతూ గేటు ముందు నుంచి పోతూనే ఉన్నాయి. లోపల బుద్ధుడు చీకట్లో నిలబడ్డాడు. ఈ ఊరి పిల్లలు బళ్లో వెంకయ్య పేరు వల్లె వేశారు గానీ, ఆయన జెండా పట్టుకొచ్చిన చోటును చూడకుండానే ఎందరో పెద్దవాళ్లైపోయారు. రాళ్లు లండనుకు పోయినప్పుడు పరాయి పాలన అని సరిపెట్టుకున్న ఈ భవనం, సొంత ఊళ్లో జరిగిన ఈ మరపును మాత్రం సరిపెట్టుకోలేకపోయింది.

2020 అక్టోబరు 1న బాపూ మ్యూజియంగా తలుపులు మళ్లీ తెరుచుకున్నాయి. దుర్గమ్మ దర్శనానికి బెజవాడ వచ్చేవాళ్లను, ఈ ఊళ్లోనే ఉండి ఇటు చూడనివాళ్లను ఇది అడిగేదొక్కటే: పిల్లల్ని వెంటబెట్టుకుని ఒక పూట లోపలికి రండి.