మా రోజుల్లో పది అక్షరాలే

మా రోజుల్లో కాలమ్ పేరు పది అక్షరాలు దాటితే డీబేస్ త్రీ ప్లస్ ఒప్పుకునేది కాదు. ఆ తర్వాత ఫాక్స్‌ప్రోలో మేం వాడిన పట్టికలకూ అదే లెక్క. ఎనుమాముల మార్కెట్లో ఓ అడ్తి దుకాణానికి నేను లెక్కల ప్రోగ్రాం రాసిన కాలమది. మిర్చి ఘాటుకు తుమ్ముకుంటూ తూకం వేసే దడ్వాయి పక్కన నిలబడి, తాలు కాయకు ఎంత కోస్తున్నారో, రైతుకిచ్చే తక్‌పట్టీ చీటీలో ఏది ముందు రాస్తున్నారో నోట్‌బుక్కులో రాసుకున్నాకే కంప్యూటర్ ముందు కూర్చున్నా. దడ్వాయి కూలికి చోటు చాలక ‘డీడీ కేఎల్’ అన్నాం. తాలు తరుగు ‘టీఎల్ టీఆర్‌జీ’ అయింది. దుకాణంలో అందరికీ తెలుసు, ఇంకెవరికి చెప్పాలి?

ఇప్పుడా లెక్కలన్నీ పోస్ట్‌గ్రెస్ డేటాబేసులోకి ఎక్కాయి. మొన్న మా మనుమడు ఆ డేటాబేసును చూసే డీబీవర్ ప్రోగ్రాం తెరిచి, సెట్టింగుల్లో ఏఐ దగ్గర టిక్కు పెట్టి, పొడుగాటి టోకెన్ ఒకటి అతికించి, అది ఏయే పట్టికలు చూడొచ్చో ఎంచాడు. చాయ్ చల్లారేలోపు అయిపోయింది.

“ఇగ తెలుగుల అడిగినా ఎస్‌క్యూఎల్ రాస్తది తాతా” అన్నాడు.

పోయిన సీజన్ ఖర్చుల వివరం అడగమన్నా. క్వెరీ చకచకా వచ్చింది, ఒప్పుకోవాల్సిందే. నేనైతే పూటంతా కూర్చునేవాణ్ణి. తీరా చూస్తే డీడీ అంటే డిమాండ్ డ్రాఫ్టట! మిర్చి అమ్మిన ప్రతి రైతూ డ్రాఫ్టు తీసినట్టు రిపోర్టు. తాలు తరుగేమో ‘టోటల్ టార్గెట్’ అయి కూర్చుంది.

“నువ్వు పెట్టిన పేర్లట్ల ఉన్నయ్ మరి” అని నా మీదికే తోశాడు.

ఆ ఏఐ చూసేది పట్టికల పేర్లు, కాలమ్ పేర్లు, వాటి రకాలు, ఒకదానితో ఒకటి ఉన్న లంకెలు. లోపలి అంకెలు మామూలుగా బయటికి పోవట. మంచిదే, రైతు బాకీ సంగతి పరాయివాడికెందుకు? కానీ పేరు చూసి అర్థం ఊహిస్తే ఇట్లాగే ఉంటుంది. 1970లో కాడ్ మహాశయుడు పట్టికల పద్ధతి చెప్పినప్పుడు డేటా మిషన్లో ఎట్లా పేర్చారో తెలియకుండా అడగొచ్చన్నాడు గానీ, డేటా అంటే ఏమిటో తెలియకుండా అడగొచ్చనలేదు.

దీనికో మందు ఉంది. పోస్ట్‌గ్రెస్‌లో ‘కామెంట్ ఆన్ కాలమ్’ అని ఒక్క వాక్యం రాసి, డీబీవర్‌లో వివరణలు కూడా పంపమని టిక్కు పెడితే చాలు. ఆ వాక్యం రాయడానికే ఈ పిల్లలకు చేతులు రావు. రాయాలంటే యార్డుకు పోయి అడగాలి కదా!

ఇంకో భయం నాది. ఫాక్స్‌ప్రోలో డిలీట్ కొడితే వరుసకు గుర్తు పడేదంతే. రీకాల్ అంటే తిరిగొచ్చేది. ప్యాక్ కొట్టేదాకా ఏదీ పోయేది కాదు. ఇప్పుడు ‘వేర్’ షరతు మరిచిన ఒక్క అప్‌డేట్, ఆటో కమిట్ మీద ఉంటే, సీజనంతా తారుమారు. అందుకే సెలెక్ట్ హక్కు మాత్రమే ఉన్న వేరే యూజర్‌తో కలపరా అన్నా.

“అది ముందుగాల అడుగుతది తాతా, సరే అంటేనే చేస్తది.”

“అడుగుతది. నువ్వు చదువుతవా?”

జవాబు లేదు. కొత్త యూజర్ తయారయ్యేదాకా నేను కుర్చీలోంచి లేవలేదు.